ఆగగలిగితేనే ప్రయాణం

పాత కారుకు కొత్త మాస్టర్ సిలిండర్ బిగించడం ఒక్క పూట పని. కాని అది ఎలాంటి పూట కావాలో నిర్ణయించేది ఓపిక.

బిలాస్‌పూర్ రైల్వే స్టేషనుకు చేరువలో తార్‌బహార్ అనే పేట ఉన్నది. హిందీ తెలిసినవారికి ఆ పేరు వినగానే 'తీగకు ఆవల' అన్న అర్థం స్ఫురిస్తుంది. తీగకు ఈవల రైలు పట్టాలు, ఆవల మనుషుల ఇళ్లు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షనుగా మార్చింది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ నేరుగా రైలు బంధం కుదిరింది. రైల్వే కొలువులను నమ్ముకుని వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రస్థానం అయింది. రాత్రింబవళ్లు బొగ్గు రైళ్లు కదిలే ఈ ఊరిలో బ్రేకు అన్న మాటకు ఉన్న గౌరవం వేరు.

అలాంటి పేటలో ఒక ఇంటి ముంగిట 1970ల నాటి అంబాసిడర్ కారు నిలిచి ఉన్నదనుకుందాం. యజమాని రైలింజను డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. వచ్చే నెల మనవరాలి పెళ్లికి కుటుంబంతో విజయనగరం వెళ్లాలి. దారిలో కొండలు, మలుపులు, దిగుడులు ఉన్నాయి. ఇటీవల ఆయన ఒక సంగతి గమనించాడు. కూడలిలో కారు ఆపి పెడల్ మీద పాదం ఉంచితే, పెడల్ మెల్లమెల్లగా కిందికి జారుతున్నది. పాదం ఎత్తి మళ్లీ నొక్కితే గట్టిగానే ఉంటుంది. మళ్లీ జారుతుంది.

ఇంట్లోవారికి అది చిన్న సంగతి. జీవితమంతా రైళ్లను ఆపిన మనిషికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు.

రైలుకు ఉన్నది, కారుకు లేనిది

ఆయన కలవరానికి కారణం ఉన్నది. రైలు బ్రేకుకూ పాత కారు బ్రేకుకూ మూల సూత్రంలోనే తేడా ఉన్నది.

1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ రూపొందించిన తొలి గాలి బ్రేకులో, ఇంజనులోని గాలిని గొట్టం గుండా పెట్టెలకు పంపితే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. ఆ లోపాన్ని గుర్తించి 1872లో ఆయన సూత్రాన్ని తిరగవేశాడు. గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతవరకు బ్రేకు వదిలి ఉంటుంది. ఒత్తిడి పోతే బ్రేకు దానంతట అదే పడుతుంది. బండి రెండుగా విడిపోయినా రెండు ముక్కలూ ఆగిపోతాయి. ఈ మార్పు విలువ లోకానికి తెలియడానికి 1889 జూన్‌లో ఐర్లండులోని అర్మా దగ్గర ఘోర ప్రమాదం జరగవలసివచ్చింది. విడదీసిన పెట్టెలు వాటంతట అవి బ్రేకు పడే ఏర్పాటు లేక వాలులో వెనక్కు దొర్లి మరో రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించారు. ఆ ఏడాదే బ్రిటన్‌లో ప్రయాణికుల రైళ్లకు స్వయంచాలక బ్రేకులను చట్టం తప్పనిసరి చేసింది.

కారు బ్రేకు ఇందుకు విరుద్ధం. మూసి ఉంచిన ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ నిరూపించాడు. ఆ సూత్రాన్ని కారు చక్రాలకు తెచ్చినవాడు అమెరికావాసి మాల్కం లాక్‌హీడ్. 1920 దశకంలో డ్యూసెన్‌బర్గ్, క్రైస్లర్ కార్ల ద్వారా ద్రవ బ్రేకు వాడుకలోకి వచ్చింది. పాదం పెడల్‌ను నొక్కుతుంది. పెడల్ ఒక కడ్డీని తోస్తుంది. కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను ముందుకు నెడుతుంది. పిస్టన్ ద్రవాన్ని గొట్టాలలోకి తోస్తుంది. చక్రాల దగ్గరి చిన్న సిలిండర్లు విచ్చుకుని బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతాయి.

ఇక్కడ ఒత్తిడి ఉంటేనే బ్రేకు. ఒత్తిడి పోతే బ్రేకు పోయినట్టే. పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే సిలిండర్, అందులో ఒకే ఒత్తిడి గది. ఆ గదిని కాపాడేది బొటనవేలంత రబ్బరు కప్పు. కప్పు అంచు అరిగినా, సిలిండర్ గోడ మీద తుప్పు గీత పడినా, తోసిన ద్రవం చక్రాలకు పోకుండా వెనక్కు జారుకుంటుంది. తార్‌బహార్ కారులో జరుగుతున్నది అదే. తీగకు ఈవల పరుగెత్తే రైలుకు చెడినప్పుడు ఆగే గుణం ఉన్నది. తీగకు ఆవల నిలిచిన కారుకు ఆ గుణం లేదు. ఆ లోటును మనిషి తన జాగ్రత్తతో పూరించాలి.

ముందు రోగ నిర్ణయం

పెడల్ కిందికి పోయిన ప్రతిసారీ తప్పు మాస్టర్ సిలిండర్‌దే కానక్కరలేదు. బ్రేకు షూలు అరిగి డ్రమ్ముకు దూరమైతే పెడల్ ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. రెండోసారి నొక్కగానే పైకి వస్తుంది. దానికి మందు షూల సర్దుబాటు. నొక్కినప్పుడు పెడల్ స్పంజిలా మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరిందన్నమాట. తొట్టెలో ద్రవం తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతున్నది. చక్రాల లోపలి తడి, గొట్టాల అతుకులు, రబ్బరు హోసులు, పెడల్ దగ్గరి రబ్బరు తొడుగు ఒక్కొక్కటే చూడాలి.

ఇవేవీ లేకుండా, ద్రవం తగ్గకుండా, నిలకడగా నొక్కిన పెడల్ నెమ్మదిగా మునిగిపోతే అప్పుడు అనుమానం మాస్టర్ సిలిండర్ లోపలికి వెళుతుంది. ద్రవం బయటికి కారడం లేదు. లోపలే కప్పును దాటి వెనక్కు వస్తున్నది.

కొత్త రబ్బరు కిట్టు వేస్తే సరిపోతుందా అన్న ప్రశ్న సహజం. సిలిండర్ విప్పి, లోపలి గోడను శుభ్రం చేసి, వెలుతురులో చూడాలి. అద్దంలా నున్నగా ఉంటే కిట్టు చాలు. వేలిగోటికి తగిలే గుంటలు ఉంటే కొత్త కప్పు కూడా కొద్ది నెలల్లోనే అరుగుతుంది. లోపల సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి గొట్టం దించి పాత కొలతకు సాన పట్టించడం ఒక మార్గం. కొత్త సిలిండర్ కొనడం మరో మార్గం.

కొత్తది ఎక్కడిది?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరినుంచి తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి అనే బ్రిటిష్ కారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. కారు కంపెనీ పెట్టెలో వచ్చే భాగాలు అరుదైనాయి. ఇప్పుడు దొరికేవి చాలావరకు బయటి తయారీదారులవి.

బయటి తయారీ అంటే నాసిరకమని అర్థం కాదు. కార్ల కంపెనీలు ఏనాడూ అన్ని భాగాలనూ సొంతంగా చేసుకోలేదు. 1962లో టి.వి.ఎస్. సంస్థ బ్రిటన్‌కు చెందిన గర్లింగ్‌తో చేతులు కలిపి మద్రాసులో బ్రేక్స్ ఇండియాను స్థాపించింది. ఇలాంటి నిపుణ సంస్థల సరుకే ఒకప్పుడు కారుతోపాటు, తర్వాత విడిగా బజారులో దొరికింది. అదే బల్ల మీద పేరూ ఊరూ లేని పెట్టెలు కూడా ఉంటాయి. 'అంబాసిడర్‌కు సరిపోతుంది' అన్న ఒక్క మాట మీద కొనడంలోనే ప్రమాదం ఉన్నది. దశాబ్దాల పాటు నడిచిన ఆ కారు అనేక మార్పులు పొందింది. తొలినాటి నమూనాలకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తర్వాతి వాటిలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చాయి. పేరు ఒకటే, లోపలి అవసరాలు వేరు.

అందువల్ల దుకాణానికి వెళ్లేటప్పుడు పాత సిలిండర్‌ను గుడ్డలో చుట్టి వెంట తీసుకువెళ్లడం మంచిది. చూడవలసినవి నాలుగు.

మొదటిది లోపలి వ్యాసం. బయటి ఆకారం, బోల్టుల రంధ్రాలు ఒకే విధంగా ఉన్నా లోపలి వ్యాసం వేరు కావచ్చు. దాని ఫలితం చిన్నది కాదు. పాదం 20 కిలోల బలంతో నొక్కిందనుకుందాం. పెడల్ తులాదండం దానిని 5 రెట్లు చేస్తే పిస్టన్ మీద 100 కిలోల బలం పడుతుంది. వ్యాసం ముప్పాతిక అంగుళం అయితే చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల ఒత్తిడి పుడుతుంది. 7/8 అంగుళం అయితే 26 కిలోలు. పూర్తి అంగుళం అయితే 20 కిలోలకు లోపే. పావు అంగుళం తేడాతో బ్రేకు బలం సగానికి దగ్గరగా పడిపోయింది. అదే కాలు, అదే కారు.

అలాగని చిన్న వ్యాసం ఎప్పుడూ మేలని కాదు. పిస్టన్ 25 మిల్లీమీటర్లు కదిలితే ముప్పాతిక అంగుళం సిలిండర్ 7 ఘన సెంటీమీటర్ల ద్రవాన్ని తోస్తుంది. అంగుళం సిలిండర్ 12కు పైగా తోస్తుంది. చక్రాలకు కావలసినంత ద్రవం అందకముందే పెడల్ నేలను తాకితే ఆ ఒత్తిడి ఎందుకూ కొరగాదు. కారును రూపొందించిన ఇంజనీరు ఈ రెండింటి నడుమ తూకం చూసి ఒక కొలతను నిర్ణయించాడు. ఆ కొలతను వెర్నియర్‌తో చూసి మరీ కొనాలి.

రెండవది లోపలి కవాటం. డ్రమ్ము బ్రేకుల సిలిండర్ చివర ఒక చిన్న కవాటం ఉంటుంది. పాదం తీసిన తర్వాత కూడా గొట్టాలలో స్వల్పమైన ఒత్తిడిని నిలిపి ఉంచడం దాని పని. ఆ ఒత్తిడి చక్రాల సిలిండర్ల కప్పులను గోడకు అంటిపెట్టి, గాలి చొరబడకుండా చూస్తుంది. డిస్కు బ్రేకుకు అంత ఒత్తిడి నిలిచి ఉంటే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ వేడెక్కుతాయి. కాబట్టి డిస్కు కారు సిలిండర్ డ్రమ్ము కారుకు, డ్రమ్ము కారుది డిస్కు కారుకు తగవు. పైకి మాత్రం రెండూ కవలల్లా కనిపించవచ్చు.

మూడవది మర. పాత బ్రిటిష్ కార్ల బ్రేకు గొట్టాల నట్టులు చాలావరకు అంగుళాల లెక్కవి. కొత్త తయారీలో మిల్లీమీటర్ల మర ఉండవచ్చు. 3/8 అంగుళం మరకూ 10 మిల్లీమీటర్ల మరకూ తేడా కంటికి ఆనదు. ఒకటి రెండు చుట్లు చేతితోనే ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత పాన వేసి బలవంతం చేస్తే మర చెడుతుంది. బిగిసినట్టే అనిపించిన ఆ అతుకు, అత్యవసరంలో బలంగా నొక్కిన క్షణాన ఊడివస్తుంది. మంచి నట్టు చివరి వరకు వేళ్లతోనే తిరగాలి. పాన పని చివరి బిగింపు మాత్రమే. గొట్టం చివర విప్పారిన అంచు ఆకృతి కూడా కొత్త సిలిండర్‌లోని పీఠానికి సరిపోవాలి.

నాలుగవది తోపుడు కడ్డీ. దాని పొడవు, కొన గుండ్రదనం పాతదానితో సరిపోవాలి. చాలా పాత కార్లలో వెనుక ఎర్రదీపం స్విచ్చి కూడా బ్రేకు ద్రవం ఒత్తిడితోనే పనిచేస్తుంది. దానికి కావలసిన రంధ్రం కొత్త సిలిండర్‌లో ఉన్నదో లేదో చూడాలి.

రెండు గదులున్న సిలిండర్ వేస్తే మేలు కదా అని కొందరు అడుగుతారు. ముందు చక్రాలకు ఒక గది, వెనుక చక్రాలకు మరొక గది. ఒకటి విఫలమైనా రెండవది మిగులుతుంది. 1960ల చివర అమెరికా భద్రతా నిబంధనలు ఇలాంటి ఏర్పాటును తప్పనిసరి చేశాయి. ఆలోచన మంచిదే. కాని అది సిలిండర్ మార్పిడితో ముగిసే పని కాదు. గొట్టాలను విడదీయాలి, కవాటాలను, వ్యాసాలను, పెడల్ ప్రయాణాన్ని కొత్తగా లెక్క కట్టాలి. ఆ లెక్క తెలిసినవారి చేతిలోనే అది భద్రత అవుతుంది.

బిగింపు, గాలి తీయడం

పని మొదలుపెట్టేముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. కారు కిందికి దూరవలసివస్తే జాకీని నమ్మకూడదు, దృఢమైన స్టాండ్లు ఉండాలి. మోరిస్ మైనర్ వంటి ఆనాటి కొన్ని కార్లలో మాస్టర్ సిలిండర్ డ్రైవరు పాదాల దిగువన, నేల రేకు కింద ఉంటుంది. అక్కడ దుమ్ము, బురద పేరుకుని ఉంటాయి. ముందు వాటిని తుడిచి, ఆ తర్వాతే గొట్టం విప్పాలి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా కొత్త కప్పును గీస్తుంది.

షెడ్డులలో విడిభాగాలను కిరోసిన్‌తో, పెట్రోలుతో కడగడం అలవాటు. బ్రేకు విషయంలో అది శత్రువు. ఖనిజ తైలం తగిలిన బ్రేకు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సిలిండర్ లోపలి భాగాలను తాజా బ్రేకు ద్రవంతోనే కడగాలి. ఆ ద్రవం కారు రంగును తినేస్తుంది కనుక చుట్టూ గుడ్డలు పరచాలి.

ద్రవం సంగతి కూడా చెప్పుకోవాలి. గ్లైకాల్ జాతి ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి. తేమ చేరాక అది 140 డిగ్రీల దాకా దిగజారవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. పొడవైన దిగుడులో డ్రమ్ములు కాలినప్పుడు తేమ పట్టిన ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుంది, ద్రవం కదలదు, పెడల్ నేలకు అంటుతుంది. ఛత్తీస్‌గఢ్ వానాకాలం గడిపిన సగం వాడిన డబ్బాను అందుకే పారవేయాలి. సిలికోన్‌తో చేసిన డాట్ 5ను వీటితో కలపకూడదు.

కొత్త సిలిండర్‌ను కారుకు బిగించే ముందే బల్ల మీద ద్రవంతో నింపి, పిస్టన్‌ను నెమ్మదిగా ఆడించి, లోపలి గాలిని వెళ్లగొట్టాలి. బిగించిన తర్వాత కడ్డీకీ పిస్టన్‌కూ నడుమ రవ్వంత ఖాళీ ఉంచాలి. తయారీదారు సూచించిన కొలతే ప్రమాణం. ఈ ఖాళీ ఎందుకంటే, సిలిండర్ గోడలో సూది మొనంత రంధ్రం ఒకటి ఉన్నది. పాదం తీసినప్పుడు వేడికి వ్యాకోచించిన ద్రవం ఆ దారినే తొట్టెలోకి తిరిగిపోతుంది. కడ్డీ పొడవై పిస్టన్ కొంచెం ముందే నిలిచిపోతే రంధ్రం మూసుకుపోతుంది. ఇంటి ముందు అంతా బాగానే ఉంటుంది. పది మైళ్లు పోయాక బ్రేకులు వాటంతట అవే బిగుసుకుంటాయి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. సాధారణంగా సిలిండర్‌కు అన్నింటికంటే దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరి చక్రానికి వస్తారు. కుడిచేతి స్టీరింగు కారులో ఎడమ వెనుక చక్రం మొదటిది. చక్రం దగ్గరి నిపిల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొనను ద్రవమున్న సీసాలో ముంచుతారు. పెద్దాయన సీటులో, మెకానిక్ కుర్రవాడు నేల మీద.

"దబాయియే" అంటాడు కింద నుంచి. పాదం దిగుతుంది. నిపిల్ తెరుచుకుంటుంది, సీసాలో బుడగలు లేస్తాయి. "పకడ్‌కే రఖియే" అంటాడు. పాదం నేలకు అంటి అక్కడే నిలుస్తుంది. నిపిల్ మూసిన తర్వాతే మూడో మాట వస్తుంది: "ఛోడియే." ఈ వరుస తప్పి, నిపిల్ తెరిచి ఉండగానే పాదం ఎత్తితే పోయిన గాలి అదే దారిన తిరిగి వస్తుంది. మధ్యమధ్య తొట్టెను నింపుతూ ఉండాలి. అది ఎండితే మళ్లీ మొదటికి రావాలి. జీవితమంతా సిగ్నల్ చూసి కదిలిన మనిషికి ఈ క్రమశిక్షణ కొత్తది కాదు.

బయలుదేరే ముందు

చివరి నట్టు బిగిసినంత మాత్రాన పని ముగియదు. ఇంజను ఆపి ఉంచి, పెడల్‌ను బలంగా నొక్కి రెండు నిమిషాలు పట్టి ఉంచాలి. వెంట్రుకవాసి కూడా జారకూడదు. ఆ సమయంలో మరొకరు ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. తడి తగిలితే కన్ను చూడనిది కాగితం చెబుతుంది. తర్వాత చక్రాలను ఒక్కొక్కటే పైకెత్తి, పెడల్ నొక్కి వదిలి, చేతితో తిప్పాలి. స్వేచ్ఛగా తిరగాలి. వెనుక ఎర్రదీపం వెలగాలి.

ఆ తర్వాతే, జనసంచారం లేని చదునైన చోట, నడక వేగంతో మొదటి పరీక్ష. ఒక చేయి హ్యాండ్ బ్రేకు దగ్గర ఉండాలి. ద్రవంతో పనిలేకుండా కడ్డీలు, తీగలతో పనిచేసే ఆ బ్రేకే పాత కారుకు మిగిలిన రెండో దిక్కు. దారిలో ఎప్పుడైనా పెడల్ నేలకు పోతే వెంటవెంటనే నొక్కుతూ, కింది గేరుకు మారుస్తూ, హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగాలి. ఈ సంగతి బండి నడిపే ప్రతి ఒక్కరికీ ముందే తెలిసి ఉండాలి. కొన్ని పదుల కిలోమీటర్లు నడిచాక డ్రమ్ములను తాకి వేడి చూడాలి, తొట్టె మట్టం చూడాలి, నట్టులను మరొకసారి పరీక్షించాలి. అంతవరకు కొండదారి మాట తలపెట్టకూడదు.

రైల్వేలో బండి కదిలేముందు బ్రేకు పరీక్ష ఉంటుంది. బ్రేకు శక్తిని ధ్రువీకరించే పత్రం డ్రైవరు చేతికి వస్తుంది. అది లేనిదే బండి కదలదు. ఇంటి కారుకు అలాంటి పత్రం ఇచ్చేవారు లేరు. కొలిచి కొన్నామా, శుభ్రంగా బిగించామా, ఓపికగా పరీక్షించామా అన్న మూడు ప్రశ్నలకు యజమాని తనకు తాను ఇచ్చుకునే నిజాయితీ గల జవాబే ఆ పత్రం.

తార్‌బహార్ ముంగిట పెద్దాయన పెడల్ మీద పాదం ఉంచి కదలకుండా కూర్చుంటాడు. తీగకు ఈవల బొగ్గు రైలు ఒకటి సిగ్నల్ కోసం ఆగి, మళ్లీ కదిలి, సాగిపోతుంది. ఆయన పాదం కింది పెడల్ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. విజయనగరం ప్రయాణానికి ఇక సామాను సర్దుకోమని ఇంట్లోవారికి చెప్పవచ్చు.